తల్లి ఎదుట మౌనం, తల్లి గుండెపై చేయి: రమణ మహర్షి జీవనగాథ

1896 జూలై మధ్యలో ఒక రోజు. మదురైలో మీనాక్షి ఆలయానికి సమీపంలోని ఒక ఇంటి మేడగదిలో వెంకటరామన్ అనే పదహారేళ్ల విద్యార్థి ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఒంట్లో ఏ జబ్బూ లేదు. అయినా తాను చనిపోబోతున్నానన్న భయం ఉన్నట్టుండి అతడిని కమ్ముకుంది. వైద్యుని కోసం గానీ, పెద్దల కోసం గానీ అతడు కేక వేయలేదు. నేలపై వెల్లకిలా పడుకుని, కాళ్లూ చేతులూ బిగదీసి, పెదవులు మూసి, ఊపిరి బిగపట్టి శవంలా ఉండిపోయాడు. ఈ శరీరాన్ని శ్మశానానికి మోసుకుపోయి దహనం చేస్తారు సరే, దానితోపాటు నేను అనేది కూడా నశిస్తుందా అన్న ప్రశ్న లోపల మెరిసింది. శరీరం కట్టెలా పడి ఉన్నా, నేనన్న స్ఫురణ మాత్రం చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. ఇదంతా కొద్ది నిమిషాల్లో ముగిసింది. మరణభయం ఆనాటితో శాశ్వతంగా తొలగిపోయింది.

ఇది తర్కంతో సాధించిన నిర్ణయం కాదనీ, క్షణంలో ప్రత్యక్షమైన సత్యమనీ ఆయన అనంతర కాలంలో వివరించేవారు. అప్పటికి ఆ బాలుడు ఉపనిషత్తులు చదవలేదు. బ్రహ్మము, సమాధి వంటి మాటలకు అర్థం తెలియదు. చదివిన ఆధ్యాత్మిక గ్రంథమల్లా అరవైముగ్గురు నాయనార్ల చరిత్ర చెప్పే పెరియపురాణమే. అనుభవం ముందు వచ్చింది, దానికి శాస్త్రం పెట్టిన పేర్లు కొన్నేళ్ల తర్వాత తెలిశాయి. పళనిస్వామి అనే మలయాళీ పరిచారకుడు తమిళ వేదాంత గ్రంథాలను కష్టపడి కూడబలుక్కుంటూ ఉంటే, వాటిని తాను చదివి చెప్పబోయి, అందులో ఉన్నది తన సంగతేనని గుర్తించారు.

వెంకటరామన్ 1879 డిసెంబరు 30న తమిళనాడులోని తిరుచ్చుళిలో జన్మించాడు. తండ్రి సుందరమయ్యర్ ఆ ఊళ్లో వకీలు. తల్లి అళగమ్మ. 1892లో తండ్రి మరణించడంతో, వెంకటరామన్ తన అన్న నాగస్వామితో కలిసి మదురైలోని పినతండ్రి ఇంటికి చేరాడు. మరణానుభవం తర్వాత చదువుపై ఆసక్తి పూర్తిగా పోయింది. ఆగస్టు 29న, దండనగా ఇచ్చిన ఇంగ్లీషు వ్యాకరణ పాఠాన్ని మూడోసారి ఎత్తిరాస్తూ, మధ్యలో పుస్తకం పక్కన పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఇలాంటివాడికి ఈ చదువులెందుకని అన్న మందలించాడు. ఆ మాట నిజమేననిపించింది. అన్న కాలేజీ ఫీజుకని ఉంచిన ఐదు రూపాయల్లో మూడు మాత్రం తీసుకుని, మిగిలిన రెండూ ఒక చీటీతో కలిపి పెట్టి ఇల్లు విడిచాడు. చీటీలో నేను అని మొదలుపెట్టిన వాడు కొన్ని వాక్యాలకే తనను ఇది అని చెప్పుకోసాగాడు. చివర సంతకం లేదు.

సెప్టెంబరు 1న తిరువణ్ణామలై చేరి అరుణాచలేశ్వరుని గర్భగుడిలో నిలబడ్డాడు. మిగిలిన డబ్బు అయ్యంకుళం కోనేటిలో విసిరేశాడు. జంధ్యం తీసేశాడు, శిరోముండనం చేయించుకున్నాడు. ఆలయంలోని పాతాళలింగం చీకటి గుహలో పురుగులు తొడలను కొరికి పుండ్లు చేసినా కదలకుండా కూర్చున్నాడు. ఆకతాయి పిల్లలు రాళ్లు విసిరేవారు. శేషాద్రిస్వామి అడ్డుపడి కాపాడేవారు.

ఈ ఘట్టాలను భక్తులు పులకించి చెప్పుకుంటారు. వాటి వెనక ఒక తల్లి ఉన్నదన్న విషయం మాత్రం తరచు మరుగున పడుతుంది. కొడుకు ఎక్కడ ఉన్నాడో రెండేళ్లకు గాని అళగమ్మకు తెలియలేదు. 1898 చివర్లో పెద్దకొడుకును వెంటబెట్టుకుని ఆమె పవళక్కున్రు గుట్ట ఎక్కింది. జడలు కట్టిన జుట్టు, మాసిన శరీరం, పెరిగిన గోళ్లు. అయినా చూడగానే పోల్చుకుంది. ఇంటికి రమ్మని రోజుల తరబడి బతిమాలింది, ఏడ్చింది. ఆయన పెదవి విప్పలేదు. చుట్టూ ఉన్నవారు చూడలేక, కనీసం రాసైనా చెప్పమని కాగితం, పెన్సిలు చేతికిచ్చారు. వారి వారి ప్రారబ్ధాన్ని అనుసరించే అన్నీ జరుగుతాయనీ, జరగనిది ఎంత ప్రయత్నించినా జరగదనీ, జరిగేది ఆపినా ఆగదనీ, కాబట్టి మౌనమే మేలనీ రాసి ఇచ్చారు. అది కొడుకు తల్లికి ఇచ్చిన జవాబులా లేదు. ఆమె రిక్తహస్తాలతో వెనుదిరిగింది.

తరువాతి సంవత్సరాల్లో ఆయన అరుణగిరిపైకి, విరూపాక్ష గుహకు మారారు. 1902లో శివప్రకాశం పిళ్లై అడిగిన ప్రశ్నలకు రాసి ఇచ్చిన జవాబులే నేనెవరు అనే చిన్న గ్రంథానికి మూలం. 1907 నవంబరు 18న బొబ్బిలి ప్రాంతంలోని కలువరాయికి చెందిన కావ్యకంఠ గణపతి ముని ఆ గుహకు వచ్చారు. ఏళ్ల తరబడి మంత్రజపం చేసినా తపస్సు అంటే ఏమిటో తెలియలేదన్నది ఆయన ఆవేదన. నేనన్న తలపు, మంత్రధ్వని ఎక్కడి నుంచి పుడుతున్నాయో గమనిస్తే మనసు అక్కడే లీనమవుతుందనీ, అదే తపస్సనీ బదులు వచ్చింది. అంతవరకు బ్రాహ్మణస్వామిగా పిలిచిన ఆ యువకుడిని భగవాన్ రమణ మహర్షి అని లోకానికి ప్రకటించింది మన తెలుగు పండితుడే.

దివ్యదర్శనాలు కలిగాయనీ, వెలుగులు కనిపించాయనీ చెప్పేవారిపట్ల రమణులు ఎన్నడూ ఆశ్చర్యం చూపలేదు. వచ్చినది పోతుంది, చూస్తున్నది ఎవరో విచారించమనేవారు. కాసేపు బాహ్యస్మృతి కోల్పోయే సమాధి కన్నా, కూరగాయలు తరుగుతున్నా చెదరని సహజస్థితినే ఉన్నతమైనదిగా బోధించారు.

ఆ సహజస్థితికి పరీక్ష తల్లి రూపంలోనే వచ్చింది. 1914లో కొడుకును చూడవచ్చిన అళగమ్మకు తీవ్రమైన జ్వరం పట్టుకుంది. అప్పుడు రమణులు ఆమెను కాపాడమని అరుణాచలుని వేడుకుంటూ తమిళంలో పద్యాలు రచించారు. జరిగేది ఆగదని పదహారేళ్ల కిందట రాసిచ్చిన చేతితోనే ఈ ప్రార్థన రాయడాన్ని వైరుధ్యంగా చూసేవారు చూడవచ్చు. తల్లి కోలుకుంది. పెద్దకొడుకును పోగొట్టుకుని, ఆసరా తగ్గిన ఆమె 1916లో శాశ్వతంగా కొండకే వచ్చేసింది. స్కందాశ్రమంలో పొయ్యి వెలిగింది. చిన్న కొడుకు నాగసుందరం కూడా వచ్చి, సన్యసించి నిరంజనానంద అయ్యాడు. అప్పడాలు వత్తడానికి సాయం చేయమని తల్లి అడిగితే, రమణులు ఆ పనినే ఆత్మవిచారణగా మలచి అప్పడాల పాట కట్టారు. ఆమె మడి, ఆచారాల పట్టింపును సరదాగా ఆటపట్టించేవారు.

1922 మే 19న అళగమ్మ అవసానదశకు చేరుకుంది. రమణులు పక్కనే కూర్చుని కుడిచేయి ఆమె గుండెపై, ఎడమచేయి శిరస్సుపై ఉంచారు. అంతకుముందు పళనిస్వామి చివరి ఘడియల్లోనూ అలాగే చేశారు గానీ, చేయి ముందుగానే తీసేయడంవల్ల అది ఫలించలేదని ఆయనే చెప్పేవారు. ఈసారి తీయలేదు. రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో ఆమె శ్వాస ఆగిన తర్వాత కూడా కొంతసేపు అలాగే ఉన్నారు. తర్వాత లేచి, మైల ఏదీ లేదని చెప్పి అందరితో కలిసి భోజనం చేశారు.

ఆమె దేహాన్ని దహనం చేయలేదు. జ్ఞానం పొందిన స్త్రీకి సన్యాస, సమాధి విధులు వర్తిస్తాయా అన్న ప్రశ్నకు రమణులు అంతకు ఐదేళ్ల ముందే వర్తిస్తాయని జవాబిచ్చారు. ఆ సంభాషణను గణపతి ముని తన సంస్కృత రచన రమణగీతలో పొందుపరిచారు. కొండకు దక్షిణ పాదంలో తల్లిని సమాధి చేశారు. కొడుకు రోజూ కొండ దిగి వచ్చేవారు. ఆ ఏడాది డిసెంబరులో ఒక రోజు వచ్చి, మళ్లీ పైకి వెళ్లలేదు. ఆ సమాధి చుట్టూ వెలసిన పాకలే క్రమంగా రమణాశ్రమమయ్యాయి. తల్లికి ఇల్లు విడిచిన కొడుకు దొరకలేదు గాని, చివరకు కొడుకే ఆమె ఉన్న చోట స్థిరపడ్డారు.

ఆశ్రమానికి పాల్ బ్రంటన్, సోమర్సెట్ మామ్ వంటి విదేశీ రచయితలు వచ్చారు. సూరి నాగమ్మ తన అన్నకు తెలుగులో రాసిన లేఖలు ఆశ్రమ దైనందిన జీవితానికి అద్దం పట్టాయి. ఆమె కోరికపైనే 1947లో రమణులు ఏకాత్మ పంచకాన్ని మొదట తెలుగులో రచించారు.

1949లో ఎడమ మోచేతి వద్ద చిన్న కంతి లేచింది. అది కేన్సర్ అని తేలింది. నాలుగు శస్త్రచికిత్సలు జరిగాయి. అదే ఏడాది మార్చిలో తల్లి సమాధిపై నిర్మించిన మాతృభూతేశ్వరాలయానికి కుంభాభిషేకం జరిగింది. 1950 ఏప్రిల్ 14 రాత్రి 8 గంటల 47 నిమిషాలకు, బయట భక్తులు అరుణాచల స్తుతి గానం చేస్తుండగా, ఒక చిన్న గదిలో రమణ మహర్షి తుదిశ్వాస విడిచారు. మర్నాడు ఆయన దేహాన్ని తల్లి ఆలయం పక్కనే సమాధి చేశారు.