పత్తికొండలో ఆగిన ప్రయాణం

వేసవి సెలవులొస్తే మా ఆదోనిలో ప్రతి ఇంట్లోనూ ఒకటే చర్చ. పోదామా వద్దా? పోతే ఎక్కడికి? రైల్లోనా, బస్సులోనా, లేక నాలుగిళ్ళవాళ్ళం కలిసి ఒక బండి మాట్లాడుకుందామా? మగవాళ్ళు ఖర్చు లెక్క వేస్తారు, పిల్లలు ఊటీ అంటారు, పెద్దవాళ్ళు తిరుపతి అంటారు. ఆఖరికి అందరం మంత్రాలయం పోయి, తుంగభద్రలో మునిగి, చీకటి పడేలోగా ఇల్లు చేరుతాం. ఎమ్మిగనూరు వాళ్ళకైతే మంత్రాలయం ప్రయాణం కిందే లెక్కలేదు, పక్కింటికి పోయొచ్చినట్టే.

పత్తికొండ చూద్దామని మాత్రం ఎవరూ అనగా నేను వినలేదు. కానీ "పోవాలా వద్దా" అన్న ఈ ప్రశ్నే ఒక పెద్దమనిషి ప్రాణం మీదికి తెచ్చింది అక్కడే. ఆయన సర్ థామస్ మన్రో. పాఠ్యపుస్తకాల్లో రైత్వారీ పద్ధతి అని చదువుకున్నామే, ఆ మన్రో.

1761లో స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టాడు. పద్దెనిమిదేళ్ళకు కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగాడు. హైదరాలీతో, టిప్పుతో యుద్ధాలు, సేలం వైపు బారామహల్లో ఉద్యోగం, తర్వాత కెనరా. 1800లో నిజాం మన జిల్లాలను కంపెనీకి వదిలేశాడు, అందుకే వీటికి దత్తమండలాలని పేరు. బళ్ళారి, అనంతపురం, కడప, మన ఆదోని అన్నీ అందులోవే. (ఆదోని 1953 దాకా బళ్ళారి జిల్లాలోనే ఉండేదని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు.) వాటన్నిటికీ పెద్ద కలెక్టరుగా మన్రో వచ్చాడు. ఏడేళ్ళు. అందులో ఎక్కువ భాగం ఇల్లన్నది లేకుండా గుడారాల్లోనే గడిపాడు. ఊరూరా తిరిగి పొలాలు కొలిపించాడు, మధ్యలో పాలెగాళ్ళు లేకుండా రైతుతోనే నేరుగా పన్ను మాట్లాడాడు. ఆ పన్ను తక్కువేమీ కాదు, ఆ సంగతి ఆయనకే తెలిసి తగ్గించమని పైవాళ్ళకు రాశాడు కూడా. అయినా గుడారం ముందుకు వచ్చి గోడు చెప్పుకోగలిగిన దొర కాబట్టి జనం ఆయన్ను తమవాడిగా చూసుకున్నారు.

మంత్రాలయంలో మఠం భూముల విచారణకు వెళ్తే రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి ఆయన ఒక్కడికే కనిపించి మాట్లాడారన్న కథ మన ఇళ్ళలో వినని వాళ్ళుండరు.

యాభై దాటాక, 1814లో, ఆయనకు పెళ్ళయింది. భార్య పేరు జేన్ కాంబెల్. 1820లో మద్రాసు గవర్నరుగా వచ్చేటప్పుడు పెద్ద కొడుకును స్కాట్లండులో బంధువుల దగ్గర వదిలి రావలసి వచ్చింది. రెండోవాడు ఇక్కడే పుట్టాడు. 1823లోనే ఆయన ఇక చాలు, విడిచిపెట్టండని పైవాళ్ళకు రాశాడు. అంతలో బర్మా యుద్ధం వచ్చి పడింది, ఉండిపోయాడు. 1826లో చిన్నవాడికి జబ్బు చేసింది. ఈ ఎండలకు పిల్లవాడు నిలవడని జేన్ వాణ్ణి తీసుకుని ఓడెక్కింది. ఆ ఓడ ఆఫ్రికా కొన చుట్టి వెళ్ళాలి, నెలల తరబడి నీళ్ళ మీదే. ఒంట్లో బాగాలేని పసివాడు ఒళ్ళో, భర్త వెనక. వెంట రమ్మని ఆమె అడిగిందో లేదో గాని, అడగాలని అనిపించని ఆడది ఉంటుందా? ఆయన కూడా గిండీలో ఖాళీ అయిన ఇంటికి పోవడమే కష్టంగా ఉందని ఆమెకు ఉత్తరం రాశాడు.

1827 వచ్చేసరికి ఆయన స్థానంలోకి మరొకరిని నియమించారు. ఆ మనిషి ఓడ దిగితే ఈయన ఓడెక్కొచ్చు. మధ్యలో కొద్ది నెలలు. మద్రాసులో కూర్చుని పెట్టెలు సర్దుకుంటూ ఉండొచ్చు కదా! కానీ ఆయనకు దత్తమండలాలను ఆఖరిసారి చూడాలనిపించింది. మే నెలాఖరున బయలుదేరాడు. ఆ ఏడు మన సీమలో కలరా ఉంది.

గవర్నరు పర్యటన కాబట్టి పని మీదనే అంటారు. నాకైతే పని సగమే అనిపిస్తుంది. ఊరు మారిపోయే ముందు పాత వీధిలోకి ఒక్కసారి పోయి రావాలనిపిస్తుంది చూడండి, పుట్టింటి ఇల్లు అమ్మేస్తున్నారంటే ఎంత పనున్నా వెళ్ళి వాకిట్లో నిలబడి వస్తామే, అలాంటిదే ఇది. దానికి లెక్కలు ఉండవు.

పోయే తీరు కూడా పాతదే. గుడారాలు, గుర్రాలు, వందలాది మనుషులు, తెల్లవారుజామున నడక, ఎండెక్కేసరికి మజిలీ. ఇంతమందికీ దారిలో దొరికిన బావి నీళ్ళే. కలరా నీళ్ళ వల్ల వస్తుందని లండనులో జాన్ స్నో అనే డాక్టరు చూపించింది 1854లో. ఆనాడు గాలి చెడిందని అనుకునేవాళ్ళు. మా నాయనమ్మ ఎక్కడికి పోయినా ఇంటి నీళ్ళు మరచెంబులో పట్టుకుని పోయేది, మేమంతా నవ్వేవాళ్ళం.

జూలై మొదట్లో గుత్తికి చేరేసరికి వెంట ఉన్నవాళ్ళలో కొందరికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. 6వ తేదీ పొద్దున పత్తికొండకు వచ్చారు. ఆ ఉదయమే ఆయనకూ మొదలయింది. తన దగ్గరున్నవాళ్ళను, మీకు అంటుకుంటుంది, దూరంగా పొమ్మని చెప్పాడట. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ప్రాణం పోయింది. అరవై ఆరేళ్ళు. మర్నాడు గుత్తికి తీసుకెళ్ళి కోట కింద పాతిపెట్టారు. 1831లో అస్థులను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి మార్చారు.

చావుకు ముందే ఆయనకు కడప జిల్లా గండిలో, పాపఘ్ని రెండు కొండల మధ్య, బంగారు తోరణం కనిపించిందని, అది చావు దగ్గరపడిన పుణ్యాత్ములకే కనిపిస్తుందని ఆ వైపు చెప్పుకుంటారు. జేన్ విషయం మాత్రం ఏ కథలోనూ రాదు. ఉత్తరం అందడానికి అప్పట్లో నాలుగైదు నెలలు. అంటే జూలైలో భర్త పోతే, ఆ శీతాకాలం దాకా ఆమె పిల్లలతో ఆయన కోసం ఎదురుచూస్తూనే ఉండి ఉంటుంది.

పత్తికొండలో ఆయన పేర ఒక తోపు వేసి, మెట్లబావి కట్టించింది ప్రభుత్వం. మద్రాసులో గుర్రం మీది విగ్రహం 1839లో నిలబెట్టారు. మన వైపు మగపిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. గుత్తి కోట చూడ్డానికి పిల్లలను తీసుకుపోయేవాళ్ళు కోట కింద ఉన్న పాత ఇంగ్లీషు సమాధుల దగ్గర కాసేపు ఆగండి, ఆయన గుర్తుగా కట్టింది అక్కడే ఉంది. తాగే నీళ్ళు ఇంటి నుంచే పట్టుకుపోండి.