దీనబంధు సి. ఎఫ్. ఆండ్రూస్

1871లో ఇంగ్లాండున జన్మించిన ఆండ్రూస్ గారు 1904లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాలకు అధ్యాపకులై వచ్చిరి. నేను నివసించు గురుగ్రాముకు ఆ పట్టణము పొరుగే. 1914లో డర్బన్ రేవున దిగి, తెల్లవారు చూచుచుండగనే వంగి గాంధీ గారి పాదములు తాకిరి. నాకది తన జాతి పక్షమున చేసిన ఒప్పుకోలుగా తోచును.

1915, 1917లలో ఫిజీ చెరకుతోటలకు వెళ్లి, మన తెలుగువారితో సహా ఒప్పంద కూలీలు పడు పాట్లను వెల్లడించిరి. 1920 జనవరి 1న ఆ ఒప్పందములు రద్దాయెను. మరి నష్టపరిహారమో? బానిసత్వమునకు బదులుగా వచ్చినదే ఈ కూలీ పద్ధతి. 1833 చట్టముతో దానిని మాన్పినప్పుడు బ్రిటన్ 2 కోట్ల పౌండ్లు యజమానులకే చెల్లించెను. బానిసలకు ఏమియు లేదు. జక్కయ్య నాలుగంతలు చెల్లింపబూనినది నష్టపడినవారికి గదా!

1936లో ఆండ్రూస్ గారు మరల ఫిజీ వెళ్లి, ఆ కూలీల సంతతివారి స్థితిని చూచి, మరుసటి యేట గ్రంథముగా ప్రకటించిరి. 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో కన్నుమూసిరి.