కలియుగ భీమునికి దమ్మే బలం

వ్యాయామశాలకు మన పెద్దలు పెట్టిన పేరు తాలింఖానా. ఉర్దూలో తాలీం అనగా విద్య. కండలు పెంచుకొనే చోటును విద్యాగృహమని పిలిచిన ఆ సంస్కారం ఎంతో గొప్పది. అక్కడి గురువు వస్తాదు. ఉస్తాదు అన్న మాటకు అది తెలుగు రూపం. అక్కడ చేసే సాధన కసరత్తు. ఆ మాటకు మూలార్థం ఆధిక్యం, అనగా ఒక పనిని పలుమార్లు చేయడం. చివరివరకు నిలిచినవానిలో మనం మెచ్చుకొనేది దమ్ము. పారసీకంలో దమ్ అంటే ఊపిరి. ఉర్దూ, తెలుగు పక్కపక్కనే వినిపించే మన కళాశాలలో ఈ నాలుగు మాటలనూ ఏ భాషవారూ పరాయివిగా భావించరు. ఈ నాలుగు మాటల అర్థాన్నీ తన జీవితంలో నిరూపించిన ఆంధ్రుడు కోడి రామ్మూర్తినాయుడు.

ఆయన కథను ఇప్పుడు తలచుకోవడానికి కారణం ఉంది. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల యువకులు అనేకులు పోలీసు కానిస్టేబులు ఎంపికకూ, సైనిక ఎంపికకూ తయారవుతున్నారు. ఒకచోట 1600 మీటర్ల పరుగుతోపాటు 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్ ఉన్నాయి. మరొకచోట 1.6 కిలోమీటర్ల పరుగుతోపాటు బీము లాగడం ఉంది. అనగా బలమూ కావాలి, దమ్మూ కావాలి. కొండలెక్కి, సైకిలు తొక్కి, పడవ నడిపి గమ్యం చేరే సాహస పందాలలోనూ ఇదే చిక్కు. కండ పెంచినవాడు పరుగులో వెనుకబడుతున్నాడు; పరుగెత్తేవాడు బీము దగ్గర చేతులు వ్రేలాడవేస్తున్నాడు. ఒక్క పరీక్షలో తప్పిన కారణంగా ఇంటి ఆశలన్నీ అడుగంటి తిరిగివచ్చిన విద్యార్థులను మేము చూచాము. వారికోసమే ఈ వ్యాసం.

రామ్మూర్తినాయుడు 1880ల తొలినాళ్లలో శ్రీకాకుళం సీమలోని వీరఘట్టంలో జన్మించాడు. తండ్రి వెంకన్ననాయుడు. తల్లిని పసితనంలోనే పోగొట్టుకొన్నాడు. వేకువనే ఊరి చెరువు గట్టుకు పోయి వ్యాయామం చేయడం ఆ బాలునికి నిత్యకృత్యం. అతడు ఒక దూడను భుజాన వేసుకొని ప్రతిదినమూ నడిచేవాడనీ, దూడతోపాటు అతని బలమూ పెరిగిందనీ ఆ ప్రాంతంలో చెప్పుకొంటారు. అది ముమ్మాటికీ జరిగినదైనా, జనం అల్లుకొన్నదైనా అందులోని సూత్రం మాత్రం అక్షరసత్యం. బరువును ఒక్కసారిగా కాక దినదినమూ కొంచెముగా పెంచాలి. నేటి వ్యాయామ శాస్త్రానికి పునాది ఇదే.

చదువుమీద కంటే సాముమీద మక్కువ ఎక్కువైన కుమారుని తండ్రి విజయనగరంలోని తమ్ముడు నారాయణస్వామి వద్దకు పంపాడు. ఆ పినతండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి. పిల్లవాని ఆసక్తిని అణచక ప్రోత్సహించాడు. అక్కడ రామ్మూర్తి కుస్తీ నేర్చాడు. పిమ్మట మద్రాసు సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది, విజయనగరంలో తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామ శిక్షకుడైనాడు. కనుక ఆయన మొదట ఉపాధ్యాయుడు, ఆ తరువాతనే మల్లుడు. ఈ వరుస ఆయన కథలో గమనింపదగినది.

ఆ తరువాత సర్కసు కంపెనీ నెలకొల్పి దేశమంతటా ప్రదర్శనలిచ్చాడు. ఊపిరి నిండా పూరించి, ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసులను తెంచేవాడు. భుజాలకు గొలుసులు కట్టించుకొని, ఇరువైపులా లాగే రెండు కార్లను కదలనీయక నిలిపేవాడు. ఏనుగును రొమ్ముపై నిలుపుకొని నిమిషాల తరబడి భరించేవాడు. వైస్రాయి మింటో ప్రభువు కారును కదలకుండా ఆపాడని ప్రసిద్ధి. జనం ఆయనను కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులస్ అన్నారు. మాంసాహారమే బలమని నమ్మే ఆ కాలంలో ఆయన శాకాహారి కావడం చూపరులకు మరింత ఆశ్చర్యం కలిగించింది.

ఈ విద్యలను కొంచెం పరిశీలిద్దాం. గొలుసు తెంచడం క్షణకాలపు పని, అది బలం. ఏనుగును నిమిషాల తరబడి మోయడం క్షణకాలపు పని కాదు, అది ఓర్పు. ఈనాడు ఒక ఊరు, రేపు మరొక ఊరు తిరుగుతూ, ఏళ్ల తరబడి అవే సాహసాలు చేయడం అంతకు మించిన ఓర్పు. మన సీమ తిరునాళ్లలో బండలాగుడు పందెం చూచినవారికి ఈ సంగతి వివరించనక్కరలేదు. బండను కదిలించిన ఎద్దులజత గెలవదు; నిర్ణయించిన కాలంలో ఎక్కువ దూరం లాగిన జత గెలుస్తుంది. రామ్మూర్తి సాధనలో ప్రాణాయామానికి పెద్దపీట ఉన్నది అందుకే. కండ ఆయన ఆయుధమైతే, ఊపిరి ఆయన బలగం.

అదే కాలంలో పంజాబు గడ్డపై మరొక మల్లుడు ఇదే సత్యాన్ని మరొక విధంగా చాటాడు. గామా పహిల్వాను నిత్యం వేల సంఖ్యలో బస్కీలు, దండీలు తీసేవాడు. 1910 సెప్టెంబరులో లండనులో పోలండు మల్లుడు జిబిస్కో ఆయనతో తలపడి, గెలిచే దారి కానక నేలకు కరచుకొని ఉండిపోయాడు. రెండున్నర గంటలకు పైగా సాగిన ఆ కుస్తీ తేలలేదు. వారం తరువాత తిరిగి జరగవలసిన పోటీకి జిబిస్కో రానేలేదు. 1928లో పటియాలాలో మళ్లీ తలపడినప్పుడు గామా ఒక్క నిమిషమైనా పట్టకుండా అతనిని పడగొట్టాడు. ఒకనాడు గంటల ఓర్పు, మరొకనాడు క్షణాల బలం. రెండూ ఒకే దేహంలో ఉన్నాయి.

అయితే రెంటినీ ఒకేసారి ఎడాపెడా సాధిస్తే చాలునా? చాలదు. అమెరికాలో రాబర్ట్ హిక్సన్ అనే శాస్త్రవేత్త 1980లో ప్రకటించిన పరిశోధన ఈ విషయంలో కనువిప్పు. పది వారాలపాటు ఒక జట్టుకు బరువుల సాధన, ఒక జట్టుకు ఓర్పు సాధన, మరొక జట్టుకు రెండూ ఇచ్చాడు. రెండూ చేసినవారికి దమ్ము తక్కిన ఓర్పు జట్టుతో సమానంగానే పెరిగింది. బలం మాత్రం ఏడెనిమిది వారాల వరకు పెరిగి, ఆపైన నిలిచి, తగ్గుముఖం పట్టింది. బరువులెత్తడంవల్ల కండపోగులు లావెక్కుతాయి. దీర్ఘమైన పరుగువల్ల రక్తనాళికలు పెరిగి కండకు ప్రాణవాయువు అందే శక్తి హెచ్చుతుంది. రెండు మార్పులనూ దేహం ఒకేసారి తెచ్చుకోవాలంటే దానికి ఆహారమూ, నిద్రా, వ్యవధీ కావాలి. కనుక కఠినమైన పరుగూ, కఠినమైన బరువూ ఒకే పూటలో పెట్టుకోరాదు. ముందున్న పరీక్ష ఏది ఎక్కువగా కోరితే దానికి ఎక్కువ దినాలు కేటాయించి, రెండవదానిని వారానికి రెండు పూటలైనా విడువకుండా నిలుపుకోవాలి. వారానికొక దినం విశ్రాంతి సోమరితనం కాదు, సాధనలో భాగమే.

మన కళ్లెదుటి కొండే ఈ పాఠం చెబుతుంది. అలిపిరినుండి తిరుమలకు 3550 మెట్లు. కండబలం చూచుకొని పరుగుపరుగున ఎక్కిన యువకుడు గాలిగోపురం చేరకముందే చతికిలబడతాడు. ఊతకర్రతో, ఒకే తీరున అడుగులు వేసే ముదుసలి అతనిని దాటి సాగిపోతుంది. కాని ఆమెకు కూడా మోకాళ్ల మెట్టు వద్ద తొడల బలం కావలసిందే. దమ్ము దారి నడిపిస్తుంది, బలం ఎత్తు ఎక్కిస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. రామ్మూర్తి చూపిన ఊపిరి బిగింపును చూచి గురువు లేకుండా అనుకరించరాదు. ఊపిరి బిగబట్టి బరువెత్తితే నడుముకు ఊతం దొరుకుతుంది, నిజమే. కాని ఆ క్షణంలో రక్తపు పోటు అమితంగా పెరుగుతుంది. ఆయన చేసినది ఏళ్ల సాధన ఫలం. మన పిల్లలు చేయబూనేది ఎంపికకు పదిహేను దినాల ముందటి తొందర. ఆ తొందరలో మోకాలు చెడితే, ఆ సంవత్సరమే కాదు, వయోపరిమితి దాటి జీవితావకాశమే జారిపోవచ్చు.

రామ్మూర్తి చివరి దినాలు కష్టమైనవి. కాలికి వ్యాధి సోకి, కాలు తీసివేయవలసి వచ్చింది. ఏనుగును మోసిన దేహానికే అటువంటి గతి పట్టింది. మత్తుమందు వద్దని, ఊపిరి బిగించి ఆ శస్త్రచికిత్సను ఓర్చుకొన్నాడని చెబుతారు. ఒడిశాలోని బలంగీరులో 1942 జనవరి 16న కన్నుమూశాడు. నేడు శ్రీకాకుళంలోని క్రీడా మైదానం ఆయన పేరు ధరించింది. విశాఖ సాగరతీరంలో ఆయన విగ్రహం నిలిచింది.

కలియుగ భీమునికైనా దేహం సొంత ఆస్తి కాలేదు. మేము నమ్మే ధర్మంలో దేహం దేవుడు మనకు అప్పగించిన అమానతు. వాడుకొని, కాపాడి, తిరిగి అప్పజెప్పవలసిన సొత్తు. దానిని సోమరితనంతో పాడుచేయడం ఎంత తప్పో, ఆత్రంతో విరగగొట్టడమూ అంతే తప్పు. విద్యార్థులారా! రేపు వేకువన మైదానానికి పోయేటప్పుడు గొలుసు తెంచిన రామ్మూర్తిని మాత్రమే తలచకండి. వీరఘట్టం చెరువు గట్టున, ఎవరూ చూడని వేళ, నిన్నటికంటే ఒక్క పిసరు ఎక్కువ మోసిన ఆ తల్లిలేని బాలుని కూడా తలచండి. మీరు మొదట చేయవలసిన పని ఆ బాలుడు చేసినదే.