జడత్వాన్ని వివరించిన మహనీయుడు – సర్ ఐజాక్ న్యూటన్



గమన నియమాల పాఠం రాగానే మనలో చాలామంది మూడు నియమాలనూ బట్టీపట్టి పరీక్షలో రాసేస్తాం. వాటిని చెప్పినవాడు ఎవరి బిడ్డో, ఎలా చదువుకున్నాడో పెద్దగా తెలుసుకోం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. అందుకే ఆయన జీవితం నన్ను బాగా ఆకట్టుకుంది.

న్యూటన్ ఇంగ్లండ్‌లోని ఊల్స్‌తోర్ప్ అనే పల్లెలో, అప్పటి అక్కడి క్యాలెండర్ ప్రకారం, 1642 డిసెంబర్ 25న జన్మించాడు. తండ్రి రైతు. సంతకం చేయడం కూడా రాదు. కొడుకు పుట్టడానికి మూడు నెలల ముందే చనిపోయాడు. మూడేళ్ళ వయసులో తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే, న్యూటన్ అమ్మమ్మ దగ్గర పెరిగాడు.

గ్రాంథమ్ పట్టణంలోని బడిలో చదువుతుండగా, సుమారు 17 ఏళ్ళప్పుడు, పొలం చూసుకోమని తల్లి చదువు మాన్పించి ఇంటికి తీసుకొచ్చింది. వ్యవసాయంలో ఆయన మనసు నిలవలేదు. గొర్రెలు పక్క చేలల్లో పడితే జరిమానా కూడా పడింది. అప్పుడు మేనమామ విలియం ఆస్కో, ప్రధానోపాధ్యాయుడు స్టోక్స్ తల్లికి నచ్చజెప్పారు. స్టోక్స్ 40 షిల్లింగుల ఫీజు వదులుకుని, అబ్బాయిని తన ఇంట్లోనే ఉంచుకుని చదివించాడు.

1661లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో చేరాడు. తల్లికి ఆస్తి ఉన్నా కొడుక్కి ఇచ్చింది తక్కువే. అందువల్ల తోటి ధనిక విద్యార్థులకు, అధ్యాపకులకు సేవలు చేస్తూ చదువుకునే సైజర్ల కోవలో చేరాల్సి వచ్చింది. 1664లో స్కాలర్‌షిప్ వచ్చింది. 1665లో ప్లేగు వల్ల కాలేజీ మూతపడితే పల్లెకు వెళ్ళి, గణితం, కాంతి, గమనం గురించి సొంతంగా ఆలోచించాడు. 26 ఏళ్ళకే, 1669లో, కేంబ్రిడ్జిలో గణిత ఆచార్యుడయ్యాడు. మిత్రుడు హేలీ ప్రోత్సాహంతో, ఆయన డబ్బుతోనే, 1687లో ప్రిన్సిపియా గ్రంథం అచ్చయింది. మనం చదివే మూడు నియమాలూ అందులోవే.

ఇక అసలు విషయానికి వద్దాం. వస్తువు కదులుతూ ఉండాలంటే దాన్ని ఎవరో ఒకరు తోస్తూనే ఉండాలని అరిస్టాటిల్ కాలం నుంచి నమ్మేవారు. తొక్కడం ఆపితే సైకిల్ ఆగిపోతుంది కదా, మనకూ అదే నిజమనిపిస్తుంది. కానీ సైకిల్ ఆగేది బలం లేక కాదు, ఘర్షణ, గాలి అనే బలాలు ఎదురు రావడం వల్ల. ఏ బలమూ లేకపోతే కదిలే వస్తువు అదే వేగంతో సరళరేఖలో పోతూనే ఉంటుంది. ఈ దారిని మొదట గెలీలియో చూపగా, న్యూటన్ నియమంగా నిలబెట్టాడు.

జడత్వం అంటే మన వాడుకలో కదలకపోవడం, మందకొడితనం. భౌతికశాస్త్రంలో అలా కాదు. ఉన్న స్థితిని మార్చుకోకపోవడమే జడత్వం. నిలిచి ఉన్నదానికీ, పరుగెత్తేదానికీ అది ఉంటుంది. బ్రేకు వేయగానే బస్సులో మనం ముందుకు తూలేది అందుకే. మనల్ని ముందుకు తోసిన బలమేదీ లేదు.

ఒక ప్రశ్న. బంతిని పైకి విసిరాం. చేతిని వదిలాక పైకి పోతున్నప్పుడు దానిపై ఏ బలం ఉంది? చాలామంది చేతి బలం అంటారు. అది తప్పు. గాలిని లెక్కించకపోతే, ఉన్నది కిందికి లాగే గురుత్వ బలం ఒక్కటే. పైకి పోయేది జడత్వం వల్ల. శిఖరాన వేగం సున్నా అయినా బలం సున్నా కాదు. ఇది అర్థం కాలేదని సిగ్గుపడకండి. న్యూటన్ కూడా తన గ్రంథంలో జడత్వాన్ని ఒక రకం బలంగానే పిలిచాడు. ఇప్పుడు మనం దాన్ని బలాల్లో లెక్కించం.

న్యూటన్ 1727లో, 84 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. వెస్ట్‌మినిస్టర్ అబేలో ఆయన సమాధి ఉంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! స్టోక్స్, మేనమామ ఆ రోజు మాట్లాడకపోతే న్యూటన్ ఆ పల్లెలోనే ఉండిపోయేవాడేమో. పదో తరగతి కాగానే పనికో, పెళ్ళికో పిలిపించుకునే ఇళ్ళు మనలో ఇంకా ఉన్నాయి. అలాంటప్పుడు నోరు మూసుకుని వెళ్ళిపోకండి. ఉపాధ్యాయులకు, వార్డెన్ గారికి, సీనియర్లకు చెప్పండి. సీనియర్లూ, మీ పక్క ట్రంకు పెట్టె ఖాళీ అయితే ఆ ఇంటికి వెళ్ళి ఒక్క మాట మాట్లాడండి.