శత్రువుతో మాట్లాడిన డాక్టర్ సర్తావి

అమెరికాలో గుండె వైద్యం చదివి, మంచి ప్రాక్టీసు చేతికందే వేళ అన్నీ వదులుకుని వెళ్లిపోవడం ఎంత కష్టమో మన కుటుంబాలకు వేరే చెప్పక్కర్లేదు. పాలస్తీనా దౌత్యవేత్త ఇస్సాం సర్తావి ఆ పని చేశారు. 1967లో ఆరు రోజుల యుద్ధం ఆయన్ను తిరిగి అరబ్ దేశాలకు రప్పించింది.

ఆయన 1935లో మధ్యధరా తీరంలోని ఆక్రే పట్టణంలో పుట్టారు. 1948 యుద్ధంతో సొంతూరు దూరమైంది. వైద్య విద్య బాగ్దాద్‌లో, పై చదువు అమెరికాలో.

తిరిగొచ్చిన డాక్టర్ మొదట పట్టింది శాంతి మార్గం కాదు. సొంతంగా ఒక సాయుధ సంస్థ పెట్టారు. 1970 ఫిబ్రవరిలో మ్యూనిక్ విమానాశ్రయంలో ఇజ్రాయెల్ ప్రయాణికులపై జరిగిన దాడితో ఆ సంస్థ పేరు ముడిపడింది. అందులో ఒకరు చనిపోయారు, నటి హన్నా మారోన్ కాలు పోగొట్టుకున్నారు. సర్తావి జీవితం చెప్పేటప్పుడు ఈ సంగతి దాచడం సరికాదు. తర్వాత ఆ సంస్థ యాసర్ అరఫాత్ నాయకత్వంలోని ఫతాలో కలిసిపోయింది.

1976 నాటికి ఆయన ఆలోచన పూర్తిగా మారింది. ఇజ్రాయెల్ పక్కనే పాలస్తీనా దేశం ఏర్పడాలని, ఇద్దరూ ఒకరినొకరు గుర్తించాలని వాదించసాగారు. పారిస్‌లో రహస్య చర్చలు మొదలయ్యాయి. ఎదురుగా కూర్చున్న వారిలో పాత్రికేయుడు యూరీ అవ్నేరి, మాజీ జనరల్ మట్టి పెలెద్ ఉన్నారు. సర్తావి ఏ యుద్ధం చూసి అమెరికా వదిలారో, అదే యుద్ధంలో పెలెద్ ఇజ్రాయెల్ సైన్యంలో జనరల్. ఆ ఇద్దరికీ గాఢ స్నేహం కుదిరింది! ఫ్రాన్స్ మాజీ ప్రధాని మెండెస్ ఫ్రాన్స్ ఈ చర్చలకు అండగా నిలిచారు. 1979లో ఆస్ట్రియాలో క్రైస్కీ బహుమతిని సర్తావి, ఇజ్రాయెల్ నేత ఆర్యే ఎలియావ్ కలిసి పంచుకున్నారు.

ఈ దారిలో ప్రాణభయం ఉందని ఆయనకు తెలుసు. ఇదే మాట చెప్పిన లండన్ ప్రతినిధి సయీద్ హమ్మామీని 1978 జనవరిలో కాల్చి చంపారు.

1982లో బీరూట్ నుంచి పాలస్తీనా దళాలు ఖాళీ చేస్తే, కొందరు నాయకులు దాన్నే విజయమన్నారు. ఇలాంటి విజయం ఇంకొకటి దక్కితే మన సభలు ఫిజీ దీవుల్లో పెట్టుకోవాల్సిందేనని సర్తావి ఎద్దేవా చేశారు. ఆ నోటి దురుసు శత్రువులను పెంచింది. 1983 జనవరిలో ట్యునిస్‌లో అరఫాత్ అవ్నేరి, పెలెద్‌లను బహిరంగంగా కలిశారు. ఏళ్ల శ్రమ ఫలించిందనుకునే లోపే, ఫిబ్రవరిలో అల్జీర్స్‌లో జరిగిన పాలస్తీనా జాతీయ మండలి సమావేశంలో సర్తావికి మాట్లాడే అవకాశమే ఇవ్వలేదు.

ఏప్రిల్ 10న పోర్చుగల్‌లోని అల్బుఫెయిరాలో, సోషలిస్ట్ ఇంటర్నేషనల్ మహాసభకు వచ్చిన ఆయన్ను హోటల్ లాబీలో కాల్చి చంపారు. ఇజ్రాయెల్ నేత షిమోన్ పెరెస్ కూడా ఆ మహాసభలోనే ఉన్నారు. హత్య చేసింది మాత్రం ఇజ్రాయెల్ కాదు. తామే చేశామని పాలస్తీనావాడైన అబూ నిదాల్ వర్గం ప్రకటించుకుంది.

1988 నవంబరులో అదే అల్జీర్స్‌లో అదే జాతీయ మండలి సమావేశమై, రెండు దేశాల పరిష్కారానికి ఒప్పుకుంది.