రాంట్‌జన్ మహాశయుడు

విల్‌హెల్మ్ రాంట్‌జన్ 1845వ సంవత్సరము మార్చి 27వ తేదీన జర్మనీదేశమందలి లెన్నెప్ పట్టణమున జన్మించెను. బాల్యమున ఉట్రెక్టు పాఠశాలయందు, ఉపాధ్యాయుని వికటచిత్రమును గీసిన సహాధ్యాయి పేరు చెప్ప నిరాకరించి బహిష్కరింపబడెను. అయినను విద్యను విడువక, జూరిచ్ నగరమున పట్టము పొంది, కడకు వుర్జుబర్గు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను.

1895 నవంబరు 8వ తేదీన ఆయన ఎక్స్ కిరణములను కనుగొనెను. అవి మాంసమును సులభముగా దాటిపోవును. ఎముకయొక్క ఛాయను ఫలకముపై నిలుపును. మూత్రపిండములలోని రాళ్లును పెక్కు అట్లే కనబడును. అంతకుముందు శస్త్రవైద్యుడు రాయి యెచట నున్నదో చూడజాలక, రోగి బాధనుబట్టి ఊహించి కత్తి పట్టవలసియుండెను. 1896లోనే గ్లాస్గో నగరమున మాకింటైర్ అను వైద్యుడు అట్టి రాతిని ఛాయాపటమున చూపెను.

రాంట్‌జన్ తాను కనుగొనినదానిపై పేటెంటు హక్కు కోరలేదు. 1901లో భౌతికశాస్త్రమున మొదటి నోబెల్ బహుమానము లభింపగా, ఆ ధనమును తన విశ్వవిద్యాలయమునకే ఒసగెను. 1923 ఫిబ్రవరి 10వ తేదీన మ్యూనిక్ నగరమున కన్నుమూసెను. ఆ నగరముననే 1980లో వైద్యులు ఆయన కిరణములతో రాతి స్థానమును గుర్తించి, కత్తి ముట్టకయే, ఆఘాతతరంగములచే దానిని పొడిచేసిరి.

బాలబాలికలారా! తోటివానికొరకు శిక్ష సహించిన ఆ బాలుడే, పెద్దవాడై, లాభము కోరక తన విద్యాఫలమును లోకమున కొసగెను.