బేబ్ రూత్

బేబ్ రూత్ (ఫిబ్రవరి 6, 1895 - ఆగష్టు 16, 1948) సుప్రసిద్ధ అమెరికన్ బేస్‌బాల్ క్రీడాకారుడు. అసలు పేరు జార్జ్ హెర్మన్ రూత్. 714 హోమ్ రన్‌లతో చరిత్రకెక్కిన ఇతడు తన క్రీడా జీవితాన్ని ఎడమచేతి పిచ్చర్‌గా, అనగా బంతి విసిరేవాడిగా, ప్రారంభించాడు.

బాల్యం

బాల్టిమోర్ నగరంలో జన్మించాడు. తండ్రి మద్యశాల నడిపేవాడు. అదుపు తప్పుతున్నాడని 1902లో, ఏడవ యేట, ఇతనిని సెయింట్ మేరీస్ పారిశ్రామిక పాఠశాలలో చేర్చారు. అక్కడే చొక్కాలు కుట్టే పనినీ, బ్రదర్ మథయస్ వద్ద బేస్‌బాల్‌నూ నేర్చుకున్నాడు.

చిన్న లీగులలో

1914 ఫిబ్రవరిలో జాక్ డన్ ఇతనిని తన జట్టైన బాల్టిమోర్ ఓరియోల్స్‌లోకి తీసుకున్నాడు. ఇది ప్రధాన లీగులకు దిగువనున్న ఇంటర్నేషనల్ లీగ్ జట్టు. తోటివారు పెట్టిన 'బేబ్' (పసివాడు) అనే పేరే స్థిరపడింది. ఓరియోల్స్ గెలుస్తున్నప్పటికీ, అదే నగరంలో వెలసిన ఫెడరల్ లీగ్ జట్టు ప్రేక్షకులను ఆకర్షించింది. నష్టాలు భరించలేక డన్ జూలైలో రూత్‌ను మరో ఇద్దరితో పాటు బోస్టన్ రెడ్ సాక్స్‌కు అమ్మివేశాడు.

జూలై 11న క్లీవ్‌లాండ్‌పై తొలి ఆటలోనే 4-3 తేడాతో విజయం లభించినా, తరువాత అవకాశాలు తగ్గాయి. ఆగష్టులో మళ్ళీ చిన్న లీగుకే, ప్రావిడెన్స్ జట్టుకు పంపబడ్డాడు. సెప్టెంబర్ 5న టొరంటోలో ప్రత్యర్థులకు ఒక్క హిట్ మాత్రమే ఇచ్చి 9-0తో గెలిపించాడు. చిన్న లీగులలో ఇతని ఏకైక హోమ్ రన్ కూడా ఆనాటిదే. ఆ యేడు లీగ్ విజేత ప్రావిడెన్సే.

తరువాతి జీవితం

1916లో బోస్టన్ తరఫున పిచ్చర్‌గా 23 విజయాలు సాధించాడు. 1920లో న్యూయార్క్ యాంకీస్‌కు మారి బ్యాటర్‌గా స్థిరపడ్డాడు. 1936లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికైన తొలి ఐదుగురిలో ఇతడొకడు. క్యాన్సర్‌తో న్యూయార్క్‌లో మరణించాడు.